మైకు దానంగారి ఆట

ఎన్నికలొచ్చిన వేసవిలో మా ఇంట్లో ఎవరికీ తీరిక ఉండదు. మా నాన్న దానంగారిది మైకు పని. అబ్బులు ఆటో నడుపుతాడు. దాని నెత్తిన రెండు హారన్లు, వెనక సీట్లో యాంప్లిఫయర్, దాని పక్కన మైకు పట్టుకుని నాన్న. ఇటు తాటిపాక నుంచి అటు అంతర్వేది దాకా ఎక్కడ చర్చివాళ్ళ ఉజ్జీవ కూటాలు జరిగినా, ఎవరు బట్టల కొట్టు తెరిచినా, ఎవరు పోయినా, ఎవరి గేదె తప్పిపోయినా ఊరికి ముందుగా తెలిసేది నాన్న గొంతులోనే. రాజోలులో దానాలు చాలామంది ఉన్నారు. మైకు దానంగారంటే మాత్రం రిక్షా తొక్కే పిల్లాడైనా మా ఇల్లు చూపిస్తాడు.

కిందటి ఎన్నికలకి ముందొచ్చిన క్రిస్మస్ నాటికే ఆ గొంతు బొంగురుపోయింది. మిరియాల పాలు, కరక్కాయ, ఆవిరి పట్టడం అన్నీ అయ్యాయి. మార్చిలో కాకినాడ తీసుకెళ్ళాం. అక్కడి డాక్టరుగారు లోపల్నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. రెండోసారి వెళ్ళినప్పుడు నాన్నని ఎదురుగా కూర్చోబెట్టుకుని నెమ్మదిగా చెప్పారు.

"గడ్డ మంచిది కాదండి. స్వరపేటిక మొత్తం తీసెయ్యాలి. తీస్తే మీరు బాగుంటారు. ఆలస్యం మాత్రం చెయ్యకండి."

"మాటో?" అన్నారు నాన్న.

"మాట ఉండదండి. తర్వాత్తర్వాత మిషను పెట్టుకుని కొంచెం మాట్లాడొచ్చు."

బస్సులో నాన్న కిటికీ పక్కన కూర్చున్నారు. యానాం వంతెన దిగాక, గోదావరి వెనక్కి పోయాక, "ఎలక్షన్లు అయ్యేక చూద్దాం" అన్నారు.

ఆ వారమే తెల్ల చొక్కాల వాళ్ళిద్దరు మా ఇంటికొచ్చి ప్రచారం మాట్లాడుకుని వెళ్ళారు. వచ్చే గురువారం నుంచి మొదలు. రోజూ పొద్దున్నుంచి పొద్దుపోయేదాకా మైకు.

వాళ్ళు వెళ్ళగానే అమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"డాక్టరుగారు ఆలస్యం చెయ్యొద్దన్నారు కదండీ."

"నెల్లాళ్ళేగా కృపా."

"నెల్లాళ్ళు అరిస్తే ఏమవుద్దండీ?"

"అరిస్తే ఏమవుద్దో నాకు తెలీదు. అరవకపోతే నేనేమైపోతానో తెలుసు. గొంతు లేని దానం ఎవడిక్కావాలి? ఇంట్లో కూచుని గోడలు చూడ్డానికా ఈ ఆపరేషను?"

అమ్మ బియ్యం చేట తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత మా ఇంట్లో ముగ్గురం ముగ్గురు అద్దెకున్నవాళ్ళలా తిరిగాం.

నేను రాజోలులోనే ఒక జూనియర్ కాలేజీలో కంప్యూటర్ లాబ్ చూసుకుంటాను. నాకో అలవాటు ఉంది. ఇంటర్నెట్లో గేమ్ జామ్‌లని జరుగుతుంటాయి. శుక్రవారం సాయంత్రం ఒక అంశం ఇస్తారు. ఆదివారం సాయంత్రంలోగా దాని మీద ఒక చిన్న వీడియో గేమ్ తయారుచేసి అందరికీ కనపడేలా పెట్టాలి. ప్రపంచంలో ఎక్కడెక్కడి వాళ్ళో ఒకరి ఆటలు ఒకరు ఆడి, బాగుందో లేదో రాసి మార్కులేస్తారు. బహుమతులేమీ ఉండవు. ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్న విద్య నాది. పడుతున్న కొబ్బరికాయల్ని తప్పించుకునే ఆట ఒకటి, గోదావరి దాటించే పంటు తప్పిపోకుండా రేవు చేరే ఆట ఒకటి, అలాంటివి చేశాను. మా అమ్మ మాత్రం "మా సుప్రియ జామ్ పోటీలకి వెళ్తాది" అని వీధంతా చెప్పుకుంది. పక్కింటివాళ్ళు నమ్మి మా ఇంటికి ఒక బుట్టెడు జామకాయలు పంపారు.

ఆ శుక్రవారం మానేద్దామనే అనుకున్నాను. ఇంట్లో ఇంత పెట్టుకుని ఆటలేంటనిపించింది. కానీ నాన్న అరుగు మీద, అమ్మ పొయ్యి దగ్గర, ఎవరి మూల వాళ్ళు పట్టుకుని కూర్చుంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. లాప్‌టాప్ తెరిచాను. అంశం వచ్చి ఉంది. 'తప్పిపోయింది.'

నాకు తట్టింది ఒకటే. చిన్న ఊరు, పైనుంచి చూస్తున్నట్టు వీధులు, పెంకుటిళ్ళు, డాబాలు, మధ్యలో కాలవ. ఎవరిదో ఎర్ర పెయ్యదూడ తప్పిపోయింది. మన చేతిలో ఒక మైకు ఆటో. బాణం మీటలతో ఆటో నడపాలి. స్పేస్ బార్ నొక్కితే ప్రకటన వినిపిస్తుంది. విన్న ఇంటివాళ్ళు కిటికీ తెరిచి, దూడని చూసుంటే ఎటెళ్ళిందో చెయ్యి చూపిస్తారు. అలా వెతుక్కుంటూ వెళ్ళాలి.

శనివారం పొద్దున్న ఆటో కదిలింది, కిటికీలు తెరుచుకున్నాయి. ఇక ప్రకటన కావాలి. నాన్నని అడిగే ధైర్యం లేదు. ఫోను దగ్గర పెట్టుకుని నేనే చదివాను. "ప్రజలకు తెలియజేయునది ఏమనగా, ఎర్ర పెయ్యదూడ తప్పిపోయినది..."

అరుగు మీంచి నాన్న గొంతు, అంటే ఆ గొంతులో మిగిలినది, వచ్చింది.

"ఏంటే అది? బ్యాంకులో టోకెన్ నంబరు పిలుస్తున్నట్టు."

నేను ఆగిపోయాను.

"దూడ ఎవరిదే?"

"ఎవరిదో నాన్నా. ఆటలోది."

"ఎవరిదీ కాని దూడని ఎవడు వెతుకుతాడు?" లోపలికొచ్చారు. తెర వంక కాసేపు చూశారు. తెర మీద ఆటో అటూ ఇటూ తిప్పి చూపించాను. "అబ్బులు కూడా ఇలాగే నడుపుతాడు, మలుపులు చూసుకోడు" అన్నారు. నెల రోజుల్లో ఆయన సరదాగా అన్న మొదటి మాట అది. "ఎవరో ఒకరి పేరుండాలి. సత్యదుర్గమ్మగారి దూడని చెప్పు. నుదుటి మీద తెల్ల మచ్చ. మెళ్ళో గంట. తల్లి పొద్దున్నుంచి మేత ముట్టలేదని చెప్పు. అప్పుడు తలుపు తీస్తారు."

"మీరు చెప్తారా నాన్నా?"

ఆయన గ్లాసుడు గోరువెచ్చటి నీళ్ళు తెమ్మని అమ్మని పిలిచారు.

గదిలో మాట్లాడితే గోడలు మోగుతాయి. బయట కోళ్ళు. అందుకని మంచమ్మీద దుప్పటి కప్పుకుని రికార్డు చేయాలని చెప్పాను. ఏప్రిల్ ఎండలో, ఫ్యాను ఆపేసి, నేనూ మా నాన్నా ఒకే దుప్పటి ముసుగులో ఫోను మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం. ఇద్దరికీ చెమట్లు కారుతున్నాయి. ఆయన దగ్గర కొబ్బరినూనె వాసన, మందుబిళ్ళల వాసన. నాన్న గొంతు సవరించుకుని, నా మోకాలి మీద చెయ్యి వేసి, మొదలుపెట్టారు.

"రాజోలు గ్రామ ప్రజలకు, వ్యాపారస్తులకు, అక్కచెల్లెళ్ళకు తెలియజేయునది ఏమనగా..."

ఆ గొంతు బొంగురుగానే ఉంది. కానీ ఎదురుగా వెయ్యిమంది ఉన్నట్టుంది. నేను చిన్నప్పుడు బడి నుంచి వస్తూ మూడు వీధుల అవతల విన్న గొంతు అదే. ఆ గొంతు వినపడ్డప్పుడు పిల్లలంతా నా వంక చూసేవాళ్ళు.

సరిగ్గా అప్పుడే అమ్మ నీళ్ళు పట్టుకొచ్చి, మంచమ్మీద కదులుతున్న దుప్పటి చూసి, "ఓలమ్మో, ఏంటిది!" అంది. అది కూడా రికార్డయింది. నాన్న దుప్పట్లో నవ్వారు, నవ్వి దగ్గారు, దగ్గి చాలాసేపు ఆగలేకపోయారు.

"చాలు నాన్నా," అన్నాను.

"ఊరికి ఒక్క ప్రకటన సరిపోద్దా ఏంటి? ఫోను పట్టు."

మధ్యమధ్య నీళ్ళు తాగుతూ ఇంకొన్ని చెప్పారు. ఒక్కొక్కటి చెప్పేకొద్దీ గొంతు సన్నబడింది. ఆఖరిదానిలో మాట ఉంది గానీ శబ్దం లేదు. గాలి ఒక్కటే వచ్చింది. దుప్పటి తీసి చూస్తే ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కండువాతో మూతి తుడుచుకుని ఆ కండువా నాకు కనపడకుండా మడిచారు.

నేను వాటిని చెప్పిన వరసలోనే ఆటలో పెట్టాను. మీట నొక్కినప్పుడల్లా తర్వాతది వస్తుంది, ముందుదానికన్నా బొంగురుగా. కాబట్టి ఆడేవాళ్ళు చూసి నొక్కాలి. ఖాళీ వీధిలో నొక్కితే ఒకటి వృథా అయిపోతుంది. అన్నీ అయిపోయేలోగా దూడ దొరక్కపోతే ఆట అయిపోయినట్టే. అలా ఉంటేనే ఆట కష్టంగా బాగుంటుందనుకున్నాను. ఇంకేమీ ఆలోచించలేదు.

ఆదివారం చర్చిలో ఆరాధన నుంచి వచ్చి అన్నాలు తిన్నాక, ఆటో సంగతి మాట్లాడ్డానికి అబ్బులు వచ్చాడు. గురువారం ప్రచారానికి హారన్లు బాగుచేయించాలి. అతన్ని కూర్చోబెట్టి ఆట ఆడమన్నాను. తెర మీద తన ఆటో చూసుకుని అబ్బులు మురిసిపోయాడు.

"ఇది నా బండేనా చెల్లెమ్మా?"

"నీదే అన్నయ్యా."

"ఆయ్," అన్నాడు, ఔననే మాటకి అతనికి అదొకటే. "మరి రంగు పసుపేసేవేంటి?"

అమ్మ కూడా చెయ్యి తుడుచుకుంటూ వచ్చి వెనక నిలబడింది. అబ్బులు సంబరంలో ఎడాపెడా మీట నొక్కాడు. నాన్న గొంతు మా ముందుగదిలో మళ్ళీ మళ్ళీ మోగింది. కిటికీలు తెరుచుకున్నాయి. ఇటని ఒకరు, అటని ఒకరు చెయ్యి చూపించారు. అబ్బులు కాలవ గట్టు దాకా వెళ్ళాడు. ఇంకా దూడ లేదు. ఆఖరి ప్రకటన నొక్కాడు. గాలి వచ్చింది. మళ్ళీ నొక్కాడు. ఏమీ రాలేదు. తెర నల్లబడింది.

"పాడైందా చెల్లెమ్మా?"

"పాడవలేదు. అయిపోయింది. ఓడిపోయావు."

నాన్న కుర్చీలోంచి ముందుకి వంగారు. "తర్వాత?"

"తర్వాతేం లేదు నాన్నా. ప్రకటనలు అయిపోతే ఆట అయిపోయినట్టే."

"మరి దూడ?"

"దొరకదు."

ఆయన నల్లటి తెర వైపు వేలు చూపించారు.

"గొంతు పోతే మనిషికి కాళ్ళు కూడా పోతాయా ఏంటే?" అన్నారు. "ఆటోలోంచి దిగమను. నడిచి వెతకమను."

"నడిస్తే..."

"వినేరుగా అంతమంది? కిటికీలు తెరిచేరుగా? వాళ్ళు ఊరుకుంటారా? ఆయన దిగి నడుస్తుంటే వాళ్ళూ వస్తారు. సత్యదుర్గమ్మగారూ వస్తాది. ఈ అబ్బులుగాడు ఆటోలో కూచుని బీడీ కాలుస్తాడా?"

"లేదండి బాబాయ్‌గారూ, నేనూ దిగుతాను," అన్నాడు అబ్బులు.

అమ్మ, నాన్న వంక ఒకసారి చూసి వంటింట్లోకి వెళ్ళింది. ముక్కు చీదుకున్న చప్పుడు వినపడింది.

గడువు సాయంత్రంతో సరి. తెల్ల పంచె, భుజమ్మీద కండువా వేసి ఒక చిన్న మనిషి బొమ్మ గీశాను. ప్రకటనలు అయిపోగానే ఆటో ఆగుతుంది, మనిషి దిగుతాడు, నడుస్తాడు. ఏ ఇంటి కిటికీ తెరిచి ఉందో ఆ ఇంట్లోంచి ఒకరు బయటికొచ్చి వెనక నడుస్తారు. ఎంత ఎక్కువమంది వింటే అంత ఎక్కువమంది. నాన్న పక్కన కూర్చుని, "ఇంకా ముసలోళ్ళు కూడా రావాలి, కర్ర పట్టుకుని" అని గుసగుసగా చెప్తూ ఉన్నారు. దూడ కాలవ అవతల, కొబ్బరి పీచు గుట్ట వెనక దొరుకుతుంది. ఎంత వెతికినా మెడగంట మోత రికార్డు చేయడానికి ఏమీ దొరక్కపోతే అమ్మ స్టీలు గ్లాసు మీద చెంచాతో కొట్టింది.

ఆట పంపించేసరికి గడువు ఇంకా కొంచెం మిగిలే ఉంది. పేరు 'సత్యదుర్గమ్మగారి దూడ' అని తెలుగులోనే పెట్టాను. కాలేజీ గ్రూపులో కూడా పంపాను.

మర్నాడు పొద్దున్నే అబ్బులు ఆటో చప్పుడుకి నిద్ర లేచాను. నాన్న తలారా స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని అరుగు మీద ఉన్నారు.

"ఆ తెల్ల చొక్కాలోళ్ళకి ఫోన్ చేసి నేను రాలేనని చెప్పు," అన్నారు అబ్బులుతో. "కాకినాడ వెళ్ళాలి. బండి మాట్లాడు."

"ఆయ్, మాట్లాడేనండి," అన్నాడు అబ్బులు. రాత్రే మాట్లాడి పెట్టాడట. అమ్మ రాత్రే చెప్పిందట.

ఆపరేషనుకి ముందు పరీక్షలనీ, రక్తమనీ కాకినాడలో కొన్నాళ్ళు ఉండాల్సి వచ్చింది. ఆస్పత్రి వరండాలో కూర్చుని, మా ఆట కింద ఎవరెవరో రాసినవి నాన్నకి తెలుగులో చెప్పేదాన్ని. పోలండ్ నుంచి ఒకతను, 'ఈ భాషేంటో నాకు తెలీదు, కానీ ఆయన వేరేవాళ్ళ తరఫున అడుగుతున్నారని అర్థమైంది' అని రాశాడు. బ్రెజిల్ నుంచి ఒకమ్మాయి, 'ఆఖరి ప్రకటన నొక్కబుద్ధి కాలేదు, దాచుకున్నాను' అని రాసింది. నాన్న అది రెండుసార్లు చెప్పించుకున్నారు.

ఒకరోజు మస్కట్ నుంచి తెలుగులో ఒకటి వచ్చింది. శివకోడు అబ్బాయట. మా కాలేజీ గ్రూపులోంచి తిరిగి తిరిగి అతని దాకా వెళ్ళింది.

'ఇది మా మైకు దానం మావయ్యగారి గొంతు కదండీ? మా అక్క పెళ్ళికి ఊరేగింపులో ఈ గొంతే. మా తాతయ్య పోయినప్పుడు ఊరికి చెప్పింది ఈ గొంతే. మా రూములో అందరం గోదావరి వాళ్ళమేనండి. స్పీకరు పెట్టుకుని విన్నాం. అందరం దిగి నడిచాం. దూడ దొరికింది.'

నాన్న వరండా చువ్వల్లోంచి బయటికి చూస్తూ, "వాళ్ళ తాతయ్య పేరు మాణిక్యాలరావుగారు. ఆయన పోయినప్పుడు జోరు వాన. మైకు తడిసిపోయింది. అయినా జనం వచ్చేరు" అన్నారు.

మా నాన్న ఆఖరిగా ఏం మాట్లాడారని ఇప్పటికీ చాలామంది అడుగుతారు. ఏదో గొప్ప మాట ఉంటుందని వాళ్ళ ఆశ. థియేటర్లోకి తీసుకెళ్తున్నప్పుడు స్ట్రెచర్ తోసే అతనితో, "మెల్లగా బాబూ, అక్కడ గచ్చు లేచిపోయింది, నీ కాలు తగులుద్ది" అన్నారు. అంతే.

ఆపరేషను బాగా జరిగింది. మెడ కింద చిన్న రంధ్రం పెట్టారు, దానిలోంచే ఊపిరి. ముక్కులోంచి గొట్టం వేసి పాలు, జావ పోసేవారు. డాక్టరుగారు వచ్చి, "సమయానికి వచ్చేరండి, ఇంకో నెల ఆగుంటే నేను ఈ మాట చెప్పేవాణ్ణి కాదు" అన్నప్పుడు అమ్మ ఆయన చేతులు పట్టుకుని వదల్లేదు. ఎన్నికల ఫలితాలు ఆస్పత్రి టీవీలో చూశాం. ఎవరు గెలిచారో నాన్న పట్టించుకోలేదు. ప్రచారానికి పెట్టిన కొత్త కుర్రాడి గొంతు ఎలా ఉందని అబ్బులుని సైగలతో అడిగారు. అబ్బులు, "ఏదో ఉందండి" అన్నాడు. నాన్న తృప్తిగా తలాడించారు.

ఆ తర్వాత గొంతుకి కరెంటు, అంటే రేడియేషను, పెట్టించడానికి వారాల తరబడి తిరిగాం. తాటిపాక సెంటర్లో బట్టల కొట్టాయన ఒకసారి కారు పంపించారు. ఎవరో మామిడిపళ్ళు పంపారు, ఎవరో కొబ్బరి బొండాలు దింపి వెళ్ళారు. వీళ్ళంతా ఎప్పుడో ఒకప్పుడు నాన్నతో ఏదో ఒకటి ఊరికి చెప్పించుకున్నవాళ్ళే. పోటీలో మా ఆట ఎక్కడో మధ్యలో నిలిచింది. బొమ్మలు బాగాలేవన్నారు, నిజమే. ధ్వనికి మాత్రం మంచి మార్కులొచ్చాయి. ఆ మాట చెప్తే నాన్న అమ్మ వైపు వేలు చూపించి, చెంచాతో గ్లాసు కొడుతున్నట్టు అభినయించారు.

జూలైలో ఇంకో జామ్ వచ్చింది. శుక్రవారం సాయంత్రం నేను కాలేజీ నుంచి వచ్చేసరికి లాప్‌టాప్ ముందు రెండు కుర్చీలు వేసి ఉన్నాయి. ఒకదానిలో నాన్న. బొమ్మలు బాగాలేవన్న మాట ఆయన మనసులో పెట్టుకున్నారు. కాగితాల మీద పెంకుటిళ్ళు, కాలవ లాకులు, పడవలు బొగ్గుతో గీసి ఇస్తే నేను ఫొటోలు తీసి ఆటలో పెట్టాను. పడవ తెరచాప దగ్గర ఇద్దరికీ పేచీ వచ్చింది. నేను గట్టిగా అరిచాను, ఆయన నోరు మెదపకుండానే అరిచారు, చివరికి ఆయన మాటే నెగ్గింది.

ఆ నెలాఖరు ఆదివారం చర్చిలో సాక్ష్యాల సమయం వచ్చింది. దేవుడు తమకి చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పొచ్చు. నాన్న లేచారు. ఆ రోజు అబ్బులుని కూడా రమ్మన్నారు, అతను ఎప్పుడూ చర్చికి రాడు, వెనక వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. పాస్టరుగారు అలవాటుగా మైకు నాన్న చేతిలో పెట్టేసి, వెంటనే గుర్తొచ్చి నాలుక కరుచుకున్నారు. నాన్న మైకు పట్టుకుని, వేలితో రెండుసార్లు తట్టి, పనిచేస్తోందో లేదో చూశారు. పనిచేస్తోంది. దాన్ని అమ్మకి ఇచ్చారు.

ఇన్నేళ్ళ కాపురంలో ఇంటినిండా మైకులే అయినా మా అమ్మ ఒక్కసారి కూడా మైకులో మాట్లాడలేదు. కొంగు తల మీదికి లాక్కుని లేచింది. మైకు మరీ దగ్గరగా పెట్టుకుంటే కీచుమంది. నాన్న దాన్ని కొంచెం పక్కకి జరిపారు.

"మా ఆయన ఉన్నారండి," అంది అమ్మ.

ఒకసారి నాన్న వంక చూసింది. జనమంతా చూస్తున్నారు.

"ఇంట్లో ఉన్నారండి. పొద్దున్నే లేచి కాఫీ అడుగుతున్నారు. మాట లేదు గానీ, అడుగుతున్నారండి. ఆలస్యమైతే గ్లాసు చూపిస్తారు. నేను ఇస్తున్నానండి. అంతేనండి. అందరికీ వందనాలు."

సాక్ష్యం ముగిశాక ఆమెన్ అనాలని ఎవరికీ తోచలేదు. అప్పుడు వెనక వరసలోంచి, అక్కడ ఏమనాలో తెలియని అబ్బులు, తనకి వచ్చినట్టుగా గట్టిగా అన్నాడు.

"ఆయ్."